పానగల్లు స్తంభాలకు అర మిల్లీమీటరు గాడి

జనవరి చివర

ఛాయా సోమేశ్వరాలయం మంటపాన్ని 1:40 కొలతలో, చెక్కతో కాకుండా రాతితోనే చేస్తున్నాను. పానగల్లు రాజధానిగా ఏలిన కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం అది. నల్లగొండ నుంచి బండి మీద పావుగంట దారి. పోయినవాళ్లంతా లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే నీడను చూసి, ఫోటో తీసుకుని వస్తారు. నేను ఈ మధ్య స్తంభాల దగ్గరే ఆగిపోతున్నాను. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రాతి కట్లు, కట్టుకూ కట్టుకూ మధ్య లోతైన గాడి. ఎండ ఏటవాలుగా పడితే ఆ గాళ్లలో నల్లగా నీడ కూర్చుంటుంది. గాళ్లు తీసేస్తే అది స్తంభం కాదు, ఉత్త రాతి మొద్దు.

లెక్క ఇలా తేలింది. అసలు స్తంభం మీద రెండు సెంటీమీటర్ల గాడి నా కొలతలో అర మిల్లీమీటరు. గాడికీ గాడికీ మధ్య మిగలాల్సిన కట్టు కూడా దాదాపు అంతే. అంటే ఒక మిల్లీమీటరులో సగం రాయి పోవాలి, సగం నిలవాలి. గాడి ముప్పావుకు పెరిగితే కట్టుకు పావు మిల్లీమీటరే మిగులుతుంది. తాండూరు బండలో పావు మిల్లీమీటరు గోడ నిలవదు, గోరు తగిలితే రాలుతుంది.

రాయి మాత్రం తేలిగ్గా దొరికింది. ఇంటి గచ్చు వేసినప్పుడు మిగిలిన తాండూరు నీలం బండ ముక్కలు మేడ మీద పడి ఉన్నాయి. సున్నపురాయి కాబట్టి గ్రానైటంత మొండిది కాదు, నునుపు కూడా బాగా వస్తుంది. దేవరకొండ రోడ్డు మీద రాయి కోసే షెడ్డులో పన్నెండు మిల్లీమీటర్ల చదరపు కర్రలుగా కోయించుకొచ్చాను. గాళ్లు కూడా వేసిస్తారా అని అడిగితే ఆ అన్న నవ్వాడు. "గింత సన్న పని మా మిషన్‌తోని కాదన్నా. మా బ్లేడే రెండు మిల్లీలు ఉంటది. గది పెడితే నీ కర్ర రెండు తునకలైతది."

అయితే గాళ్లు నా రోటరీ టూల్‌తోనే, అంటే చేత్తో పట్టుకుని చిన్న డిస్కులు తిప్పే మోటారుతోనే వేసుకోవాలి. నా దగ్గరున్నది డ్రెమెల్ 3000. నూటముప్పై వాట్లు, స్పీడు నిమిషానికి 10,000 నుంచి 33,000 చుట్ల దాకా. ఇక కావాల్సింది బ్లేడు.

ఫిబ్రవరి

నల్లగొండ ప్రకాశం బజారులో హార్డ్‌వేర్ షాపులన్నీ తిరిగాను. రోటరీ టూల్ అంటే ఎవరికీ అర్థం కాలేదు, మినీ గ్రైండర్ అంటే తలకాయ ఊపారు. సన్న డిస్కు కావాలంటే అందరూ ఇచ్చేది ఒకటే, నాలుగంగుళాల గ్రైండరుకు పెట్టే ఒక మిల్లీమీటరు కటింగ్ వీల్. "ఇంతకన్నా సన్నది రాదు సార్, ఇదే లాస్ట్" అన్నాడు ఒకాయన. గ్రైండర్ల లోకంలో ఆ మాట నిజమే. నా పనికి అది రెట్టింపు మందం, పైగా దాని నడుమ ఉన్న బెజ్జంలో నా టూల్ కాడ లాంటివి నాలుగు దూరతాయి.

ఆ డిస్కు మీద ముద్రించిన ఒక అంకె మాత్రం పనికొచ్చింది. సెకనుకు 80 మీటర్లు. డిస్కు అంచు అంతకన్నా వేగంగా తిరగకూడదని హద్దు. రోటరీ టూల్ కిట్లలో పళ్లున్న చిన్న రంపపు బ్లేళ్లు ఆరో ఏడో కలిపి అమ్ముతారు, వాటిలో పెద్దది 50 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని 30,000 చుట్ల మీద తిప్పితే అంచు వేగం సెకనుకు 78 మీటర్లు దాటుతుంది. గంటకు 280 కిలోమీటర్ల పైమాట. జల్లెడ గుడ్డతో గట్టిపరిచిన పెద్ద డిస్కుకు పెట్టిన హద్దును, రెండు మిల్లీమీటర్ల స్క్రూ పట్టుకున్న రేకు బ్లేడు ముట్టుకుంటోందన్నమాట, చుట్టూ గార్డు కూడా లేకుండా! ఆ పెద్ద బ్లేళ్లను ఎందుకు అమ్ముతారో నాకు అంతుపట్టదు. 22 మిల్లీమీటర్ల డిస్కును 15,000 మీద తిప్పితే వచ్చేది 17 మీటర్లే. నా గాడి లోతు అర మిల్లీమీటరు కాబట్టి పెద్ద చుట్టుకొలతతో పనే లేదు.

బజారులో తెలియనిది రాణిగంజ్‌లో తెలిసింది. సికింద్రాబాద్ పోయినప్పుడల్లా అక్కడ ఒక గంట పోగొట్టుకోవడం నాకు అలవాటే. ఈసారి ఒక షాపులో కౌంటర్ మీద అన్ని రకాలూ పరిచి చూపించారు. అప్పుడు అర్థమైందేమిటంటే, బ్లేడును ముందు మందాన్ని బట్టి ఎంచకూడదు, అది దేనితో కోస్తుందో చూసి ఎంచాలి.

మొదటిది గోధుమ రంగు చిన్న డిస్కు. గరుకు పొడిని రెజిన్‌తో అతికించి చేస్తారు. డ్రెమెల్‌లో 409 నంబరుది ఈ జాతే, 24 మిల్లీమీటర్ల వెడల్పు, 0.6 మందం. ఇనుప మేకులు, స్క్రూలు, సైకిలు పుల్లలు కోయడానికి మంచిది. లోపల జల్లెడ గుడ్డ ఉండదు కాబట్టి పక్కకు కాస్త వంచితే టక్కున విరుగుతుంది. విరిగిన ముక్క ఎటు పోతుందో దానికే తెలియదు. కళ్లజోడు లేకుండా దీన్ని ఆన్ చేయకూడదు. దీనికే గాజునార జల్లెడ వేసి చేసినవి ఉంటాయి, 426 లాంటివి. అవి విరగవు, కానీ మందం మిల్లీమీటరు దాటుతుంది. అంటే గట్టిదనం కావాలంటే సన్నదనం వదులుకోవాలి.

రెండోది డైమండ్ డిస్కు. ఉక్కు రేకు అంచున వజ్రపు పొడిని లోహపు పూతతో పట్టించి ఉంటుంది. రాయి, గాజు, టైలు దీని సొంతం. ఇనుము మీద మాత్రం పెట్టకూడదు. వజ్రం అంటే కర్బనమే కదా, వేడెక్కిన ఇనుము ఆ కర్బనాన్ని తనలోకి లాక్కుంటుంది, వజ్రపు మొనలు అరిగిపోతాయి. అల్యూమినియం, ఇత్తడి లాంటి మెత్తటి లోహాలైతే పొడి సందుల్లో ఇరుక్కుని డిస్కు నున్నగా అయిపోతుంది. అప్పుడు ఒక ఇటుక ముక్కలో నాలుగు గాట్లు పెడితే ఆ మడ్డి ఊడి మళ్లీ కోస్తుంది.

మూడోది పళ్ల బ్లేడు, హైస్పీడ్ స్టీలుది. ఇదీ సన్నగానే ఉంటుంది, రాతి మీద పెడితే మాత్రం పళ్లు నిమిషంలో పోతాయి. లోహం మీదనన్నా బాగుంటుందా అంటే, హైస్పీడ్ స్టీలు పళ్లకు ఇనుము మీద నిమిషానికి ముప్పై మీటర్ల చుట్టూరా నడక చాలు. నా టూల్ అతి తక్కువ స్పీడులో కూడా 22 మిల్లీమీటర్ల బ్లేడు అంచును నిమిషానికి దాదాపు ఏడువందల మీటర్లు పరిగెత్తిస్తుంది. పేరులో హైస్పీడ్ ఉన్నా రోటరీ టూల్ స్పీడు దానికి చాలా ఎక్కువ. చెక్క, ప్లాస్టిక్ లాంటి వాటికే ఉంచుకోవాలి.

రాయికి డైమండే అని తేలింది. పది డిస్కులు, రెండు మాండ్రెళ్లు (డిస్కును స్క్రూతో పట్టుకునే కాడలు) ఉన్న ఒక కంపెనీ పేరు లేని కిట్టు తెచ్చుకున్నాను.

మార్చి మొదట్లో

ఈ వారమంతా కోసిన దానికన్నా కొలిచిందే ఎక్కువ. నా ఉద్యోగం జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో. ఏటా పిల్లలు తీగ మందం కొలిచే స్క్రూ గేజ్ చేతికి అందుబాటులో ఉంది. దాని లీస్ట్ కౌంట్ 0.01 మిల్లీమీటరు. గాడి వెడల్పు కొలవడానికి బైకు మెకానిక్ తమ్ముడి దగ్గర ఫీలర్ గేజ్ తీసుకున్నాను. వాల్వు సందులు చూసే రేకుల కట్ట అది. ఒక్కో రేకునూ గాడిలో దూర్చి చూస్తే ఏది బిగువుగా కూర్చుంటే అదే వెడల్పు.

కిట్టు డిస్కు అంచు దగ్గర స్క్రూ గేజ్ చూపింది 0.58. పనికిరాని బండ ముక్క మీద గాడి వేశాను. అందులో 0.60 రేకు జారి లోపలికి పోయింది. 0.70 కూడా పోయింది. బిగువుగా పట్టింది 0.80.

0.58 డిస్కు 0.80 గాడి కోసింది. మిగిలిన 0.22 ఎక్కడి నుంచి వచ్చింది? ఊగడం నుంచి. డిస్కు తన తలంలోనే తిరగకుండా అటూ ఇటూ ఒరుగుతుంటే, గాడి ఆ ఒరుగుడు మేరా వెడల్పవుతుంది. పొట్లం మీద రాసిన మందం షాపువాడికి సంబంధించింది, నాకు కావాల్సింది గాడి మందం. ఆ రెండింటి మధ్య కాలెట్ (టూల్ మూతిలో కాడను బిగించి పట్టే చీలికల గొట్టం), మాండ్రెల్, వాషరు, స్క్రూ, చివరికి చెయ్యి, ఇన్ని ఉన్నాయి.

ప్లగ్గు పీకి, ఒక పెన్సిలును చెక్క దిమ్మకు కట్టి దాని మొన డిస్కు అంచుకు దాదాపు తగిలేలా పెట్టాను. డిస్కును వేలితో మెల్లగా తిప్పితే ఒకవైపు మొనకు రాసుకుంటోంది, ఎదురువైపు వెలుతురు కనిపిస్తోంది. డిస్కు వంకరా, మాండ్రెల్ వంకరా? స్క్రూ వదులు చేసి డిస్కును మాత్రమే సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించాను. రాసుకునే చోటు డిస్కుతో పాటు కదిలితే తప్పు డిస్కుది. కదలకపోతే మాండ్రెల్‌ది. కదల్లేదు. మాండ్రెల్ కాడను అద్దం పలక మీద దొర్లిస్తే కింద నుంచి వెలుతురు వచ్చి పోతోంది. నికార్సుగా వంకర. కిట్టులో రెండోది కొంచెం మేలు, అంతే.

ఊగడంలో రెండు రకాలున్నాయని కూడా ఇక్కడే స్పష్టమైంది. డిస్కు బెజ్జానికీ స్క్రూకూ మధ్య సందు ఉంటే డిస్కు కేంద్రం తప్పి కూర్చుంటుంది. అప్పుడు ఒక వైపు అంచు ముందుకు పొడుచుకొస్తుంది, చుట్టుకు ఒక్కసారే రాయిని తాకుతుంది. తడతడమని చప్పుడు, ఒక వైపే అరుగుదల. దీనివల్ల కోత నెమ్మదిస్తుంది, లోతు తేడా వస్తుంది, కానీ గాడి వెడల్పు కాదు. వెడల్పయ్యేది పక్కకు ఒరిగినప్పుడే, అది మాండ్రెల్ మీద డిస్కు ఆనే భుజం చదరంగా లేకనో కాడ వంగో వస్తుంది. మొదటిదానికి స్క్రూ చుట్టూ సన్నగా టెఫ్లాన్ టేపు చుట్టి సందు నింపితే సరిపోతుంది. రెండోదానికి కొత్త మాండ్రెల్ తప్ప మందు లేదు.

కంపెనీ మాండ్రెల్ విడిగా తెప్పించాను. కిట్టు మొత్తం ధరలో సగం దానికే అయింది, ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. కాలెట్ నట్టు విప్పి లోపలి రాతిపొడి బ్రష్షుతో దులిపి, కాడను బాగా లోపలికి తోసి బిగించాను. బయటికి కాడ ఎంత తక్కువ కనిపిస్తే అంత నయం. అదే డిస్కు, అదే బండ ముక్క, ఈసారి గాడి 0.66. డిస్కు మార్చకుండానే గాడి 0.14 సన్నబడింది.

ఇంకో సంగతి. ఒరుగుడు కోణం ఒకటే అయినా అంచు దగ్గర ఊపు వ్యాసార్ధంతో పాటు పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల డిస్కు బదులు 16 మిల్లీమీటర్లది పెడితే ఊపు నాలుగో వంతుకు పైనే తగ్గుతుంది. నాకు లోతు అక్కర్లేదు కాబట్టి చిన్న డిస్కు నాకు రెండు విధాలా లాభం. అరిగి చిన్నవైన రెజిన్ డిస్కులను కూడా నేను పారేయను, ఒక పాత జర్దా డబ్బాలో వేసి ఉంచుతాను. మూలల్లో తలదూర్చాలంటే అవే పనికొస్తాయి.

ఉగాదికి ముందు

రాతి పని పక్కన పెట్టి ఇత్తడి పని. మంటపం కప్పు తీసి పెట్టుకునేలా ఉండాలి, దానికి కనపడకుండా చిన్న బందులు కావాలి. రెండు మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాన్ని నాలుగు మిల్లీమీటర్ల తునకలుగా కోయాలి. 409 డిస్కుతో కోస్తే తునక అయితే తెగుతుంది, కానీ గొట్టం మూతి లోపలికి ముడుచుకుంటోంది, అంచున చెత్త వేలాడుతోంది. వేడికి గొట్టం వేళ్లకు చుర్రుమంటోంది.

మా వీధి చివర అవుసుల (కంసాలి) పెద్దాయన కొట్టు ఉంది. గొట్టం చూపించాను. ఆయన తన బల్ల అంచున ఉన్న చెక్క నాలుక మీద దాన్ని పెట్టి, విల్లులాంటి ఫ్రేములో బిగించిన వెంట్రుక మందం రంపంతో నాలుగు లాగులు లాగారు. తునక కింద తోలు మడతలో పడింది. మూతి నున్నగా ఉంది.

"గీ చిన్న పనికి మోటర్ ఎందుకు సారూ? మోటర్ గుంజుతది, రంపం కోస్తది. రెండు రంపాలు తీస్కపోండ్రి, విరగ్గొట్టుకుంట నేర్చుకుంటరు."

ఆయన ఇచ్చిన రంపం 2/0 నంబరుది, మందం 0.26 మిల్లీమీటరు. నంబరులో సున్నాలు పెరిగేకొద్దీ రంపం సన్నబడుతుంది, 8/0 అయితే 0.16 దాకా దిగుతుంది. నేను చూసిన ఏ మోటారు డిస్కూ ఆ ధరకు ఆ సన్నదనం ఇవ్వలేదు. పళ్లు కింది వైపు చూసేలా బిగించాలి, తీగ మీటితే మోగేంత బిగువు ఉండాలి, కోసేటప్పుడు ముందుకు నెట్టకూడదు. ఇత్తడి తునకలన్నీ ఇంట్లో చేత్తోనే కోసేశాను. ఇత్తడి దగ్గర రోటరీ టూల్ గురించి ఇక ఆలోచించను.

కానీ ఆయన కొట్టులో నా కళ్లు వేరేదాని మీద పడ్డాయి. మేకుకు వేలాడదీసిన మోటారు, దాని నుంచి దిగే వంగే గొట్టం, చివర సన్న పిడి, కింద కాలితో తొక్కే పెడల్. ఆ పిడిలో బిగించిన పనిముట్టు కాడలు నా వాటికన్నా సన్నగా ఉన్నాయి. 2.35 మిల్లీమీటర్లు. పళ్ల డాక్టర్ల ల్యాబుల్లో వాడే కాడలు కూడా అదే కొలత అని ఆయనే చెప్పారు. "మేం పళ్లు కట్టేటోళ్ల డిస్కులు కూడ వాడుతం సారూ. సన్నగ ఉంటయి."

ఏప్రిల్

పళ్ల ల్యాబు డిస్కులు వచ్చాయి. కట్టుడు పళ్లను విడదీయడానికి వాడే డైమండ్ డిస్కులు. నేను తెప్పించినవి రెండు మందాలు. స్క్రూ గేజ్ మీద ఒకటి 0.20, ఇంకోటి 0.31. స్క్రూ లేదు, వాషరు లేదు, డిస్కు కాడకే శాశ్వతంగా అతికి ఉంది. ఊగడానికి ఉన్న సందులన్నీ కంపెనీలోనే మూసేశారన్నమాట. డ్రెమెల్ 3.2 కాలెట్‌లో 2.35 కాడ పట్టదు. 2.4 కాలెట్ కొనుక్కోవాలి. అది అంగుళంలో 3/32 వంతు, అంటే 2.38. బాగానే పట్టుకుంది. కాలెట్ లేకుండా కాడకు కాగితం చుట్టి 3.2లో ఇరికించే తెలివి ఎవరైనా చెబితే వినకండి, అంత కష్టపడి సంపాదించిన నిలువు అక్కడే పోతుంది.

చేత్తో పట్టుకుని అర మిల్లీమీటరు గాళ్లు వరసగా వేయడం మనిషి వల్ల కాదు. అందుకే జిగ్, అంటే పనిని కొలత తప్పకుండా నిలిపే చట్రం చేశాను. ప్లైవుడ్ పలక మీద ఒక దిమ్మ, దానికి బెజ్జం, అందులో ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ (నా టూల్‌కు తగిలించే వంగే గొట్టం) పిడి బిగింపు. డిస్కు కదలదు, రాయే దాని దగ్గరికి వస్తుంది. రాతి కర్ర పడుకునే తొట్టి ఒక చిన్న బండిలాగా ముందుకూ వెనక్కూ జరుగుతుంది. తొట్టి చివర ఒక ఎం6 బోల్టు. ఎం6 బోల్టు పిచ్ సరిగ్గా ఒక మిల్లీమీటరు. స్క్రూ గేజ్ లోపల ఉండే లెక్కే ఇది కూడా. బోల్టు తలను ఒక చుట్టు తిప్పితే కర్ర ఒక మిల్లీమీటరు జరుగుతుంది, అంటే ఒక గాడి, ఒక కట్టు. బోల్టు తలకు తెల్ల పెయింటు చుక్క పెట్టాను, చుట్టు లెక్క తప్పకుండా. ఎప్పుడూ ఒకే దిక్కుకు తిప్పాలి. వెనక్కి తిప్పితే మరలోని వదులు వల్ల పావు చుట్టు దాకా కర్ర కదలదు.

నీళ్లు తప్పనిసరి. పొడిగా కోస్తే 0.20 రేకు వేడికి గిన్నెలా వంగుతుంది, దుమ్ము ఇల్లంతా. అయితే కరెంటు టూల్ దగ్గర నీళ్లంటే టెన్షనే. అందుకే మోటారును మేడ మెట్ల రెయిలింగుకు ఎత్తుగా వేలాడదీసి, కిందికి ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ ఒక్కటే వచ్చేలా చేశాను. కరెంటు లీకైతే వెంటనే తెంచేసే ఆర్‌సీసీబీ ఉన్న ప్లగ్గులోనే పెట్టాను. నీళ్ల కోసం మందుల షాపు నుంచి సెలైన్ సెట్టు. బాటిలు పైన మేకుకు, చక్రం తిప్పితే సెకనుకు ఒక చుక్క డిస్కు అంచు మీద. అక్కా వాళ్ల అబ్బాయి అది చూసి "మామా, రాయికి జ్వరమా?" అన్నాడు. వాణ్ణి బాటిలు చూసే పనికి పెట్టాను.

మాస్కు తడి కోతలో కూడా తీయలేదు. తడిసిన బురద ఎండాక దులిపితే లేచేది అదే దుమ్ము. పనయ్యాక తడి గుడ్డతో తుడవాలి, చీపురు వద్దు.

రాయిని డిస్కు తిరిగే దిక్కుకు ఎదురుగా నెట్టాలి. అదే దిక్కుకు నెడితే డిస్కు రాతి మీదికి ఎక్కి లాక్కుంటుంది. 0.31 డిస్కు కొంత ఓర్చుకుంటుంది, 0.20కి మాత్రం ఆ ఒక్క లాగుడు చాలు, అంచు మడతపడుతుంది. స్పీడు పదివేలు, పన్నెండు వేల దగ్గరే పెట్టాను. స్పీడు పెంచితే పని త్వరగా అవుతుందనిపిస్తుంది కానీ అయ్యేది వేడే. లోతును ఒకేసారి తీయకుండా రెండు మూడు సార్లుగా దింపితే కట్ల అంచులు చిట్లలేదు.

0.20 డిస్కు గాడిలో 0.25 రేకు బిగువుగా కూర్చుంది. 0.31 డిస్కుకు 0.40 రేకు.

మే, ఎండలు

మేడ మీద పని పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకే. తర్వాత ప్లైవుడ్ ముట్టుకోలేం. అయినా రెండు స్తంభాలకు నాలుగేసి ముఖాలూ పూర్తయ్యాయి, ఒకటి 0.20తో, ఇంకోటి 0.31తో, పోల్చి చూడటానికి.

చిత్రం ఏమిటంటే, సన్న గాడి స్తంభం దగ్గరగా కళ్లద్దాలు పెట్టుకుని చూస్తేనే బాగుంది. చెయ్యి చాచినంత దూరంలో పెడితే గాళ్లు కనపడలేదు. స్తంభం మీద ఏదో పెన్సిలు గీతలున్నట్టు మాత్రం అనిపించింది. పావు మిల్లీమీటరు సందులో నీడ కూర్చోవడానికి చోటే లేదు, పైగా రాతి పొడి అందులో ఇరుక్కుని గాడిని బండ రంగులోకి కలిపేస్తోంది. టూత్‌బ్రష్షుతో కడిగినా పూర్తిగా రాలేదు. 0.40 గాడి స్తంభాన్ని టేబుల్ లైటు పక్కన పెడితే కట్లు ఒక్కొక్కటీ విడివిడిగా లేచి నిలబడ్డాయి. కట్టు 0.60 మిగిలింది కాబట్టి రాలిపోతుందన్న భయమూ లేదు. పన్నెండు వందల రూపాయల సన్న డిస్కులు డబ్బాలోకి పోయాయి. వాటిని గర్భగుడి గడప మీద గీతలకు వాడుకుంటాను, అక్కడ గీతే కావాలి, నీడ అక్కర్లేదు.

మిగతా స్తంభాలన్నీ 0.31తోనే. వజ్రపు పూత ఒకే పొర కాబట్టి అది పోయాక డిస్కు పని కూడా పోతుంది. పోతున్నప్పుడు గుర్తులు కనిపిస్తాయి. కోత నెమ్మదిస్తుంది, కిచకిచమంటుంది, అంచు బూడిద రంగు నుంచి మెరుపులోకి తిరుగుతుంది. ఆ మెరుపు కనిపించాక ఇంకా నొక్కితే గాడి అంచులు చిట్లుతాయి. అందుకని ఒక్కో స్తంభం చివరి ముఖం మొదలుపెట్టేముందు డిస్కును లైటుకు ఎదురుగా పట్టి చూస్తున్నాను.

రాతి షెడ్డు అన్నకు పూర్తయిన స్తంభం చూపిస్తే చాలాసేపు తిప్పి చూశాడు. "గిది నిజంగ మా తాండూరు బండేనా? పాలిష్ మా దగ్గర కొట్టియ్యకపోతివి" అన్నాడు. పాలిష్ వద్దన్నాను, మెరిస్తే గాళ్లలో నీడ చెదిరిపోతుంది. ఇంకో ఆరు కర్రలు కోసి ఉంచమని చెప్పొచ్చాను.

కప్పుకు రాయి కాదు, లోపల స్తంభాలు పైనుంచి కనపడాలి కాబట్టి రెండు మిల్లీమీటర్ల యాక్రిలిక్. ఇక్కడ మళ్లీ పళ్ల బ్లేడు బయటికి తీశాను, 22 మిల్లీమీటర్లది. ఈ కిట్టు బ్లేళ్ల పళ్లకు అటూ ఇటూ వంపు ఉండదు, వడ్రంగి రంపానికి ఉన్నట్టు. పళ్లూ రేకూ ఒకే మందం. అందుకే లోతుకు పోయేకొద్దీ రేకు పక్కలు ప్లాస్టిక్‌కు రాసుకుని వేడెక్కుతాయి. యాక్రిలిక్ వంద డిగ్రీలు దాటగానే మెత్తబడుతుంది, కోసిన గాడి బ్లేడు వెనకాలే మళ్లీ అతుక్కుపోతోంది. పదివేల స్పీడులోనూ అదే తంతు. కాబట్టి బ్లేడుతో సగం మిల్లీమీటరు లోతు గీత మాత్రం వేసి, బల్ల అంచుకు పెట్టి విరుస్తున్నాను. గాజు పని చేసేవాళ్లు చేసేది ఇదే కదా. అంచు నిటారుగా వస్తోంది, చివర ఎమరీ కాగితంతో రెండు రుద్దులు చాలు.

రెండు పలకలు తయారు, మూడోది రేపు పొద్దున. కర్రలు వచ్చే వారం చేతికొస్తాయి. ఈలోపు 0.31 డిస్కులు ఇంకో రెండు, 2.4 కాలెట్ ఒకటి అదనంగా తెప్పించాలి. ఇప్పుడున్న కాలెట్ ఒక చీలిక అంచు దగ్గర కొంచెం అరిగింది, గాడి 0.40 నుంచి 0.45కు జరిగినట్టు ఫీలర్ గేజ్ చెబుతోంది.